తాళ్ళింకా విప్పలేదు

రీనో సల్మేలా ఎడమ చేత్తో రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. కుడి చేయి ఒళ్ళో ఊరికే పడి ఉంది. పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. ఈ వెన్న పనికి రోజూ ఆరేడు నిమిషాలు పడుతుంది. అంతసేపూ భార్య వెర్నా కాఫీ తాగుతూ సముద్రం వైపు చూస్తుందే తప్ప చేయి సాయం చేయదు. చేస్తే ఆయన ముఖం ఎలా మారుతుందో ఆవిడకు తెలుసు.

కూతురు ఐలాకు తెలియదు. యాభై రెండేళ్ళ మనిషి, టొరంటోలో ఓ పెద్దాసుపత్రిలో నర్సుల మీద అధికారి. "ఇలా తే నాన్నా" అని కత్తి లాక్కుని రెండు క్షణాల్లో రాసి పెట్టేసింది. రీనో పళ్ళాన్ని పక్కకు నెట్టేశాడు.

కిటికీ అవతల ఎండలో తెల్లగా స్పెయిన్‌లోని కాదిస్ ఊరు. వాళ్ళెక్కిన విహార ఓడ పొద్దున్నే రేవుకు చేరింది.

"ఇవాళ మీరిద్దరూ హాయిగా డెక్ మీద కూర్చోండి. దుప్పట్లు తెప్పిస్తా," అంది ఐలా.

"మేం ఊళ్ళోకి వెళ్తున్నాం," అంది వెర్నా.

"మొన్న మార్సెయ్ రేవులో ఏమైందో మర్చిపోయావా అమ్మా? మెట్టు తప్పి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది."

"మోకాలేగా. కట్టు కట్టావు, తగ్గింది."

"తలకి తగిలుంటే?"

"తగల్లేదుగా!"

"అందుకే నాన్న కార్డు నా దగ్గర పెట్టుకున్నా." ఐలా చేతిసంచి మీద తట్టింది.

ఆ ఓడలో ప్రతి మనిషి మెడలోనూ ఓ కార్డు వేలాడుతుంది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ గుమ్మం దగ్గర యంత్రానికి చూపించాలి. అది లేనివాడు అందమైన జైల్లో ఉన్నట్టే. రీనో మెడ బోసిగా ఉంది.

"నా... కార్డు... ఇవ్వు," అన్నాడాయన. మాట కూడా కాలిలాగే ఈడ్చుకుంటూ వస్తుంది.

"ఎల్లుండి లిస్బన్‌లో ఇస్తా నాన్నా. అక్కడ చక్రాల కుర్చీకి చెప్పా."

"లిస్బన్... కాదిస్... కాదు."

కెనడాలోని థండర్ బే రేవు నుంచి పెద్ద సరస్సుల్లో తిరిగే గోధుమ ఓడల మీద రీనో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశాడు, తాళ్ళు కట్టాడు, విప్పాడు. ఆ ఓడలు సరస్సులు దాటి ఉప్పునీళ్ళలోకి వెళ్ళేవి కావు. గోధుమల కోసం సముద్రపు ఓడలే అక్కడికి వచ్చేవి, వెనక భాగాన తమ సొంత రేవు పేరు రాసుకుని. పెళ్ళికి ముందు ఓ సాయంత్రం వెర్నా, రీనో గట్టు మీద నిలబడి ఒక పేరు కూడబలుక్కుని చదివారు. కాదిస్. "ఎప్పటికైనా వెళ్దాం" అని ఆయన మాటిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ బతుకంతా అదే గట్టు మీద ఆయన ఓడ కోసం ఎదురుచూడటంతోనే సరిపోయింది.

"మీ నాన్నని పెట్టెలా మోస్తున్నావే నువ్వు," అంది వెర్నా. "పెట్టెకి ఎక్కడ దించినా ఒకటే. ఈయనకి కాదు."

"పక్షవాతం వచ్చి నేల మీద పడున్న నాన్నని చూసింది నేనమ్మా! నువ్వారోజు పిన్ని వాళ్ళింట్లో ఉన్నావు. నోట్లోంచి నురగ... ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా పట్టదు. నీకేం తెలుసు?"

పక్క బల్లవాళ్ళు తలలు తిప్పారు. వెర్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ గొంతు మాత్రం తగ్గలేదు.

"నీ భయం నాకు తెలుసే. దాన్ని ఆయన మెడలో కట్టకు."

ఐలా సంచి తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. వెర్నా మిగిలిన కాఫీ తాగింది. మొగుడికి చేతికర్ర అందించి తిన్నగా రిసెప్షన్‌కు నడిచింది.

"మావారి కార్డు పోయిందమ్మా."

"బాగా వెతికారాండీ?"

"ఎక్కడుందో తెలుసు. తిరిగి రాదు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని రెండు నిమిషాల్లో కొత్త కార్డు చేతిలో పెట్టింది. "పాతది ఇంక పనిచెయ్యదండీ."

"అంతకన్నానా!" అంది వెర్నా. ఐలా గది తలుపుకు ఓ చీటీ గుచ్చింది: కాదిస్ వెళ్ళాం. ఐదుకు వస్తాం.

ఐదైంది. అందరూ ఎక్కాల్సిన వేళ అది. ఐదున్నరకు ఓడ కదులుతుంది. మైకులో రెండుసార్లు పిలిచారు, రీనో సల్మేలా, వెర్నా సల్మేలా అని. ఐలా డెక్ కటకటాలు పట్టుకుని నిలబడింది. చుట్టూ జనం గ్లాసులతో చేరారు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్ళను పైనుంచి చప్పట్లు కొట్టి ఏడిపించడం ఓడ జనానికి రోజూ ఉండే సరదా.

ఐదూ పన్నెండుకు గట్టు చివర ఇద్దరు కనిపించారు. చప్పట్లు, ఈలలు. "పరుగెత్తు తాతా!" అని ఒకడు అరిచాడు. రీనో తలెత్తి చూశాడు, చూసి అదే నడక నడిచాడు. ఒక అడుగు, ఈడ్పు. ఒక అడుగు, ఈడ్పు. నాలుగు ఫోన్లు అటు తిరిగాయి.

"అది మా నాన్న!" అని ఐలా అరిచిన అరుపుకు ఆ ఫోన్లు దిగిపోయాయి.

ఆమె కిందికి పరుగెత్తి సంచిలో చేతికి తగిలిన కార్డు యంత్రానికి ఆనించింది. యంత్రం ఎర్రగా వెలిగి గుర్రుమంది. చూస్తే కార్డు మీద నాన్న బొమ్మ. అమ్మ ఏం చేసిందో అప్పుడర్థమైంది. తన కార్డు చూపించి, కాపలావాడు వద్దంటున్నా వినకుండా గట్టు మీదికి దూకింది.

"ఓడ వెళ్ళిపోతోంది నాన్నా! టైము చూశావా?"

రీనో ఆగి, కర్రతో గట్టు మీది ఇనుప గుంజలను చూపించాడు. వాటికి చుట్టిన లావాటి తాళ్ళు అలాగే బిగిసి ఉన్నాయి. పక్కనే ఇద్దరు పనివాళ్ళు తీరిగ్గా సిగరెట్లు కాలుస్తున్నారు.

"తాళ్ళింకా... విప్పలేదు," అన్నాడు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు... నేనే విప్పా. నాకు... తెలీదా?"

ఐలాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంతమంది రోగుల నాడి చూసింది! ఈ మనిషికి ఇంకా ఏమేం తెలుసో ఒక్కసారీ అడగలేదు. అలవాటుగా ఆయన మోచేయి పట్టుకోబోయింది. ఆయన చేయి తప్పించి, కర్ర వెర్నాకిచ్చి, చంకలోని నూనె మరకల కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. వేయించిన చేపలు, చల్లారిపోయాయి.

"పట్టుకోవాలనుంటే... ఇది పట్టుకో. నీకే."

"తను నాలుగు తిని, మిగతావి నీకని కట్టించాడే," అంది వెర్నా. "నేను ఏళ్ళ తరబడి ఈయన ఓడ కోసం గట్టు మీద నిలబడ్డాను. ఇవాళ ఓడని మా కోసం నిలబడనీ."

ఐలా కళ్ళు తుడుచుకుని పాత కార్డును చెత్తడబ్బాలో పడేసింది. చేప ముక్కొకటి నోట్లో వేసుకుని, నాన్న పక్కనే నడక మొదలుపెట్టింది. ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేస్తూ.