అవతలి ఒడ్డు చెలమలు

రత్నకోనకూ హేమగిరికీ నడుమ పారే కలువేరు ఒక వేసవిలో ఉన్నట్టుండి ఎండిపోయింది. "హేమగిరివాళ్లు కొండమీద కట్ట కట్టి నీళ్లు మళ్లించుకున్నారట!" అన్న మాట రత్నకోనంతా పాకింది. రాజు యుద్ధానికి సేనను సిద్ధం చేయించాడు.

చిన్న రాజకుమారి వకుళ కొలువులోకి పరుగెత్తుకొచ్చింది. అక్క మాలినిని ఇచ్చింది ఆ హేమగిరికే.

"ఆ కట్టను ఎవరు చూశారు, మంత్రి తాతా?"

"నిప్పు లేనిదే పొగ రాదమ్మా."

"మంచు కూడా పొగలాగే కనిపిస్తుంది తాతా. నాన్నగారూ, నేను చూసి వస్తాను. అందాకా ఎవరూ కత్తి దూయకూడదు."

రాజు సాయంత్రం దాకా గడువిచ్చాడు.

ఎండిన ఏటి వెంట వకుళ అడవిలోకి నడిచింది. మద్దిచెట్టు మీద మాట్లాడే గోరింక ఒకటి, "కట్ట కట్టారు! కట్ట కట్టారు!" అని అరుస్తోంది.

"నువ్వు చూశావా?"

"నేనెందుకు చూడాలి? అదుగో, ఆ ముని చెప్పాడు. మునులు అబద్ధమాడతారా?"

వకుళ ముని దగ్గరకు వెళ్లి అదే అడిగింది. ఆయన కళ్లు తెరవకుండానే, "తపస్సులో ఉన్నవాణ్ణి, నేనెక్కడ చూస్తాను తల్లీ? గోరింక చెప్పింది. ఆకాశాన తిరిగే పక్షికి తెలియనిదేముంది?" అన్నాడు.

వకుళకు నవ్వొచ్చింది. మరుక్షణం భయం వేసింది. ఈపాటి మాటకా ఇన్ని ప్రాణాలు!

అయితే వాళ్లు చూడనంత మాత్రాన కట్ట లేదని తేలిపోలేదు. ఆమె ఏరు దాటింది. అవతలి ఒడ్డున ఆడవాళ్లు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పలతో కుండల్లోకి తోడుకుంటున్నారు. వాళ్లలో మాలిని కూడా ఉంది.

"ఏమే, మా నీళ్లన్నీ మళ్లించుకుని ఇప్పుడు పలకరింపుకొచ్చావా?"

"మేమా? మా ఒడ్డునా చెలమలే అక్కా!"

మాలిని చేతిలో చిప్ప ఆగిపోయింది. నీళ్లు దాచుకున్నవాళ్లు ఇసుకెందుకు తవ్వుతారు?

అక్కాచెల్లెళ్లు కలిసి కొండెక్కారు. అక్కడ కుంభోదరుడనే రాక్షసుడు ఏరంతా తాగి, గుట్టంత పొట్టతో పడుకున్నాడు. వాళ్లను చూసి పెదవులు విప్పీ విప్పకుండా గుసగుసలాడాడు.

"వకుళా, ఇదంతా మీ మంత్రి కుట్ర. హేమగిరికి ఏ పాపమూ తెలియదు. వెళ్లి అతని తల తీయించు, యుద్ధం ఆగిపోతుంది."

సరిగ్గా ఆమె వినాలనుకున్న మాట! కాళ్లు వెనక్కి తిరగబోయాయి. ఎలాగో నిలదొక్కుకుంది.

"నాకు తీయగా ఉన్న మాట గనుకే అడుగుతున్నాను. ఎప్పుడు చూశావు? ఎక్కడ చూశావు?"

రాక్షసుడు గతుక్కుమన్నాడు. అడగకుండా నమ్మేవాళ్లున్నంత కాలమే వాడి బలం. జవాబు కోసం నోరంతా తెరిచేసరికి నీళ్లు భళ్లున బయటికి దూకాయి. గాలి తీసిన తిత్తిలా వాడు ముడుచుకుపోయాడు.

కింద, గడువు ముగిసే వేళకు రెండు రాజ్యాల సేనలూ ఎదురెదురుగా నిలబడి ఉండగా నడుమ నుంచి ఏరు పరుగెత్తుకొచ్చింది. కత్తులు ఒడ్డున పడేసి, అందరూ వంగి దోసిళ్లతో తాగారు.

కొన్నేళ్లకు వకుళ రాణి అయింది. ఆమె కొలువుకు కబురు తెచ్చేవాళ్లు ఎంత ఆలస్యమైనా సరే, వెళ్లి కళ్లారా చూసి, దుమ్ము కాళ్లతోనే వచ్చేవారు.