నాలుగుసార్లు ఒకేవైపు పడని రూపాయి

సోమవారం ఉదయం 5:50.

బోరు పక్కన ఎల్లేశ్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక లోతైన గాయం. ఒక చెప్పు కాలికి ఉంది. రెండోది చామంతి మడిలో ఉంది.

స్టార్టర్ డబ్బా తెరిచి ఉంది. అక్కడి నుంచి బోరు దాకా ఉండాల్సిన కేబుల్ లేదు. ఎవరో కోసుకుపోయారు.

ఎస్సై ధనరాజ్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఒంట్లో వేడి ఇంకా పూర్తిగా పోలేదు. చనిపోయి ఎక్కువసేపు కాలేదు. డాక్టర్ తర్వాత చెప్పింది కూడా అదే. ప్రాణం పోయింది నాలుగు, నాలుగున్నర మధ్య.

మధ్యాహ్నానికి సాక్షి దొరికాడు. పేరు సాయిలు. డెబ్బై ఏళ్లుంటాయి. బోరుకు పోయే బాట పక్కనే ఒంటరిగా ఉంటాడు.

"ఎవరినన్న చూసినవా తాతా?"

"చూసిన సారు."

"ఎవరిని?"

"అంతయ్యను. నాలుగు దాటింది. బోరు దిక్కు పోయిండు."

"చీకట్ల ఎట్ల గుర్తుపట్టినవ్?"

"స్తంభం మీద కరెంటు బుగ్గ వెలుగుతది గద."

అంతయ్యది పక్క మడి. ఇద్దరిదీ ఒకే బోరు. శనివారం కాలువ గట్టు దగ్గర ఎల్లేశ్‌తో గట్టిగా గొడవపడ్డాడు. ఊరంతా విన్నది. సాయంత్రానికి అంతయ్య లాకప్‌లో ఉన్నాడు.

సీఐ ఫోన్‌లో తేల్చేశాడు. "నీళ్ల తగాదా. దొంగతనంలా కనపడాలని కేబుల్ కోశాడు. రేపు పదిన్నరకు చేవెళ్ల కోర్టులో పెట్టు."

పెడితే రిమాండ్. ఆ తర్వాత జైలు. కళ్లారా చూశానంటున్న సాక్షి ఉన్న హత్యకేసు. అంతయ్య బయటికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అది ధనరాజ్‌కు మొదటి హత్యకేసు.

*

వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ధనరాజ్. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. ఈ హత్య జరిగింది 2005లో. అతని క్లాసులో ముప్పావు వంతు మంది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్నారు. మొదట్లో ఆదివారాలు ఫోన్ చేసేవాళ్లు. తర్వాత పండగలకు చేశారు. ఇప్పుడు అదీ లేదు. మొయినాబాద్‌లో అతని కిరాయి గదికి రోజూ వచ్చేది మెస్ టిఫిన్ డబ్బా ఒక్కటే.

లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఎల్లేశ్ మీద కోపం ఉన్నదా?"

"గట్టు మీద కోపం ఉన్నది సారు. మనిషి మీద ఎందుకుంటది?"

"నీళ్లు ఎట్ల పంచుకుంటరు?"

"బిళ్ల ఎగరేసి."

ధనరాజ్ తలెత్తాడు. "రోజు విడిచి రోజు తీసుకోవచ్చు గద?"

"తీసుకున్నం. నా వంతు నాడు కరెంటు రాకపోతె ఆ వంతు పోయినట్టా, ఉన్నట్టా? అండ్లనే లొల్లి. త్రీఫేజు ఉండేదే మూడు గంటలు. బోరు పోసేది ఒక్క మడికే. అందుకే ఏ రోజుకు ఆ రోజు బిళ్ల. బొమ్మ పడితె నాకు, బొరుసు పడితె ఎల్లేశ్‌కు."

"ఎవరు ఎగరేస్తరు?"

"సాయిలు కాక. ఆయనకు భూమి లేదు, ఎవరి దిక్కూ లేడు. ఒక్కడే ఇంట్ల ఎగరేసి, ఐదు గంటలకు బయటికొచ్చి చెప్తడు."

"మీరు చూడరా?"

"చూసినన్నొద్దులు కొట్లాటే సారు. రాయికి తగిలి మర్లిందని ఎల్లేశ్, మర్లలేదని నేను. ఇద్దరం చూడొద్దనుకున్నం. కాక మాటే మాట."

"ఓడిపోతే కోపం రాదా?"

అంతయ్య మొదటిసారి నవ్వాడు. "కాక చేతిల రూపాయి బంగారం సారు. శానా నీతి దానికి. మహా అంటె ఒరుసగ మూడొద్దులు ఒకలికి పడుతది. నాలుగోనాడు మారాల్సిందే. శివరాత్రి నుంచి ఒక్కపారి గూడ నాలుగు పడలే."

ధనరాజ్ రాయడం ఆపాడు.

"శివరాత్రి నుంచి అంటే వంద రోజులు. ఒక్కసారి కూడనా?"

"ఒట్టు సారు. ఎల్లేశ్ పెండ్లాన్ని అడుగుండ్రి."

అడిగాడు. ఎల్లేశ్ భార్య రమ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నిజమే సారు. మూడొద్దులు మాకు పడకుంటె, నాలుగోనాడు మాదేనని ఆయనకు ఎరుకే. శుక్రవారం, శనివారం, ఐతారం అంతయ్యన్నకే పడ్డది. ఇయ్యాల మాదే అని..." ఆమె ఆగింది. "బిళ్ల సంగతి అడగకుంటనే పార పట్టుకుని పోయిండు. నాలుగు గూడ కాలే. కాలువ సాఫు చేసుకుంటనన్నడు."

ఐదింటికి తేలే వంతు కోసం ఎల్లేశ్ నాలుగింటికే బోరు దగ్గర ఎందుకున్నాడు? ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అతణ్ని ఎవరూ పిలవలేదు. రూపాయి మీద నమ్మకంతో పోయాడు.

*

స్టేషన్‌కు ఆ ఏడాదే కంప్యూటర్ వచ్చింది. ఎఫ్‌ఐఆర్ టైపు చేయడానికి. మిగతా వేళల్లో దానిపై గుడ్డ కప్పి ఉంటుంది.

ధనరాజ్ గుడ్డ తీశాడు. హెడ్ కానిస్టేబుల్ అబ్రహాము వెనకొచ్చి నిలబడ్డాడు.

"సార్, పేకాటనా?"

"బొమ్మా బొరుసు."

"సీఐ సారు చూస్తే మనిద్దరి బొమ్మ బొరుసైతది."

"అబ్రహామన్నా, ఒక పని చెయ్యి. మనసులనే బిళ్ల ఎగరేసి, ఏం పడ్డదో చెప్పు. ఆపకుంట చెప్పు."

అబ్రహాము కళ్లు మూసుకున్నాడు. "బొమ్మ. బొరుసు. బొరుసు. బొమ్మ. బొరుసు. బొమ్మ. బొమ్మ. బొరుసు..."

చాలాసేపు చెప్పాడు. వరుసగా మూడు దాటి ఒకే వైపు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"నాలుగుసార్లు బొమ్మ అని ఎందుకు చెప్పలే?"

"అన్నిసార్లు బొమ్మే అంటే ఎవరు నమ్ముతరు సార్?"

"అదే. మనిషి అట్లనే అనుకుంటడు. రూపాయికి ఆ ఫికర్ లేదు. ముందు ఏం పడ్డదో దానికి యాది ఉండదు."

చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కంప్యూటర్ సున్నా ఇస్తే బొమ్మ, ఒకటి ఇస్తే బొరుసు. అలా వంద. అది ఒక వేసవి. అలాంటి వేసవులు పదివేలు.

ఎంటర్ నొక్కాడు.

స్క్రీన్ మీద అంకెలు నిలబడ్డాయి. సగానికి పైగా వేసవుల్లో వరుసగా ఏడుసార్లు ఒకే వైపు పడింది. పది, పదకొండు పడినవీ ఉన్నాయి. నాలుగు ఒక్కసారి కూడా పడని వేసవులు ఎన్ని?

పదివేలల్లో మూడు.

మళ్లీ నడిపాడు. రెండు. మళ్లీ. నాలుగు.

"అంటే సాయిలు మోసం చేసిండా సార్?" అన్నాడు అబ్రహాము.

"మోసం చేసేటోడు ఎవరో ఒకరికి ఎక్కువ ఇస్తడు. ఇక్కడ ఎవరికీ ఎక్కువ పోలే. ఇద్దరికీ సమంగా పంచిండు. ఎగరేసిన బిళ్లను మనిషి చూడకుండ ఎందుకు చెప్తడు?"

ధనరాజ్ కంప్యూటర్‌పై గుడ్డ కప్పాడు.

*

మంగళవారం ఉదయం 7:00. కోర్టుకు మూడున్నర గంటలుంది.

సాయిలు అరుగు ముందు అందరూ ఉన్నారు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య అంతయ్య. పక్కన అతని భార్య సాలమ్మ. గుంజకు ఆనుకుని రమ. బోరుకు కొత్త కేబుల్ వేయడానికి పిలిపించిన మోటారు మెకానిక్ గణేష్ పానాల సంచితో నిలబడ్డాడు. అతనిది మొయినాబాద్‌లో షెడ్డు. మోటార్లూ బాగుచేస్తాడు, బండ్లూ బాగుచేస్తాడు.

ధనరాజ్ జేబులోంచి రూపాయి తీశాడు. బొటనవేలితో కొట్టాడు. టింగుమంది. పట్టుకుని సాయిలు ముఖం ముందు అరచెయ్యి చాపాడు.

"చూసి చెప్పు తాతా. ఏం పడ్డది?"

సాయిలు తల కొంచెం ముందుకు వంచాడు.

"బొరుసు."

సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తాతా, నా ఈ చేతిల ఏం లేదు. రూపాయి ఆ చేతిల ఉన్నది."

ముసలాయన వంచిన తల మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"కండ్లు పోయి ఎన్నాళ్లైంది?"

"దసరకు మసక కమ్మింది. శివరాత్రికి మొత్తం పొర. వేలితోటి తడిమి చూసేది. ఈ కొత్త బిళ్లలు రెండు దిక్కుల ఒకటే తీరు తగులుతయి." చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "అన్యాలం కావొద్దని మార్చి మార్చి చెప్పిన."

"కనపడదని ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఇంకొకల్ని పెట్టుకుందురు. పొద్దుగాల ఇద్దరొచ్చి ఈ అరుగు మీద కూసుంటరు. బీడీ తాగుతరు. తిట్టుకుంటరు. ఆళ్లు పోయినంక మల్ల తెల్లారేదాక నాతోటి మాట్లాడెటోడు లేడు సారు."

ధనరాజ్‌కు ఒక్క క్షణం తన గది తలుపు, దాని పక్కన ఖాళీ టిఫిన్ డబ్బా కళ్ల ముందు మెదిలాయి.

"మరి నిన్న అంతయ్యను చూసినన్నవ్."

"మీరు చూసినవా అని అడిగిండ్రు. లేదంటె కండ్ల ముచ్చట బయటపడుతదని..."

"ఓ కాకా!" అంతయ్య అరిచాడు. "నీ కండ్ల ముచ్చట దాసుకునేతందుకు నన్ను జైలుకు తోలుతవా?"

"అబద్ధం చెప్పలేదురా. ఇన్న. చెవులారా ఇన్న."

"ఏం విన్నవ్?" ధనరాజ్ దగ్గరికి జరిగాడు.

"ఆని బండి సప్పుడు. టీవీఎస్. సైలెన్సర్ పలిగి ఫట్ ఫట్ మంటది. ఊళ్లె గసోంటి సప్పుడు ఇంకే బండికి లేదు."

సాలమ్మ ముందుకొచ్చింది. "బండా? మా బండి ఇంట్ల ఏడున్నది సారు? ఆ సైలెన్సర్ కోసమే శుక్రవారం షెడ్డుల ఇచ్చినం."

"ఎవరి షెడ్డుల?"

ఆమె గణేష్ వైపు చెయ్యి చాపింది. అందరూ ఒకేవైపు చూశారు.

నిన్నటి నుంచి బండి గురించి ఎవరూ అడగలేదు. చూశానన్న సాక్షిని ఏం విన్నావని ఎవరు అడుగుతారు?

"బండి షెడ్డు బయట ఉంటది సార్," అన్నాడు గణేష్. "ఎవరన్న తీసుకపోయి ఉంటరు."

"తీసుకపోయి మళ్లా తెచ్చి పెట్టిండ్రా? దొంగ మంచోడే." అన్నాడు అబ్రహాము. అప్పటికే అతని చెయ్యి గణేష్ భుజం మీద ఉంది.

8:20కి షెడ్డు తెరిచారు. గోనె సంచుల కింద కేబుల్ చుట్ట. దాని అతుకుకు సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. రమ చూడగానే గుర్తుపట్టింది. చుట్టింది ఎల్లేశే. పెద్ద పానాకు ఆరిన రక్తం.

గణేష్ ఎక్కువసేపు బుకాయించలేదు. ఐదు దాకా బోరు దగ్గరికి ఎవరూ రారని అతనికి తెలుసు. ఈ బిళ్ల సంగతి షెడ్డుకు వచ్చే కస్టమర్లందరూ చెప్పుకునేదే. ఆ రోజు మాత్రం ఒకడు పారతో ముందే వచ్చాడు. గణేష్‌ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడు.

సాయిలుకు ఆ సంగతి చెప్పింది రమే. గట్టిగా కాదు. నెమ్మదిగా.

"నాలుగోనాడు మాదే అనుకుని పోయిండు తాతా. నువ్వు మార్చి మార్చి చెప్పినందుకే పోయిండు."

సాయిలు ఆమె గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, రెండు చేతులూ జోడించాడు.

*

బుధవారం ఉదయం ఐదు. ధనరాజ్ బాట చివర మోటార్ సైకిల్ ఆపాడు. సరోజిని దేవి కంటి దవాఖానకు సాయిలును తీసుకుపోదామని వచ్చాడు. కానీ అరుగు దగ్గర అప్పటికే ఎవరో ఉన్నారు.

అంతయ్య.

ఒక రాత్రి లాకప్‌లో పడుకుని వచ్చిన మనిషి. రావాల్సిన పనేమీ లేదు. బిళ్లకు అవతలివైపు మనిషి ఇక లేడు.

తలుపు తెరుచుకుంది. సాయిలు గడప మీద నిలబడ్డాడు. ఇన్నాళ్లూ అడుగుల చప్పుడు పట్టి, కనపడినట్టే పేరు పెట్టి పిలిచిన మనిషి, చెయ్యి గాలిలో చాపి వెతికాడు.

"ఎవరు?"

అంతయ్య బీడీ వెలిగించాడు. ఒక దమ్ము లాగాడు.

"నువ్వు కండ్లార చూసినోన్నే," అని అరుగు మీద కూర్చున్నాడు.