సీజన్ సగంలో కొత్త లీగ్

"గోల్‌కీపర్‌ని కెప్టెన్‌గా పెట్టేవాళ్ళు కూడా ఉంటారాండీ?"

ఏలూరులో చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో చేరాక, పనితో సంబంధం లేకుండా ప్రసూన అన్న మొదటి మాట అది.

సాయితేజ తాగబోతున్న టీ ఆపేశాడు. కలిదిండిలో చేపల చెరువులున్న ఇంటి కుర్రాడు. చెరువులన్నీ తిరిగి శాంపిళ్ళు తేవడం అతని పని. ల్యాబ్‌లో అందరూ ఫోన్లలో ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌కి అతనే పెద్ద. ఇంగ్లండ్‌లో ఆడే ఆటగాళ్ళతో ఎవరి జట్టు వాళ్ళు కట్టుకుంటారు. అక్కడ వాళ్ళు బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకు పాయింట్లు, కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికైతే రెట్టింపు.

"మీకు ఫుట్‌బాల్ తెలుసాండీ?"

"జంగారెడ్డిగూడెంలో మా నాన్నగారు గుడి నుంచి రాగానే ఇద్దరం కూర్చుని చూసేవాళ్ళం. నన్నూ చేర్చుకుంటారా?"

సీనియర్ అహరోను నవ్వాడు. "జనవరి వచ్చేసిందమ్మా, ఇప్పుడు చేరితే నువ్వే ఆఖరు. ఆగస్టులో చేరుదువుగానిలే."

"అప్పటిదాకా ఉంటానో లేదోనండి" అనేసి ప్రసూన లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అందరికీ మెసేజ్ వచ్చింది. పాత లీగ్ రద్దు. ఈ వారం నుంచి కొత్తది. అందరికీ సున్నా నుంచే.

"ఉన్నట్టుండి ఎందుకండీ?" అంది ప్రసూన.

"పాతది బోరు కొట్టిందండి."

"అట్టడుగున ఉండుంటారు!"

సాయితేజ నవ్వి శాంపిల్ సీసాలు అందుకున్నాడు.

ఆ లీగ్‌లోకి ప్రసూన వాళ్ళ నాన్నగారు సోమసుందరం కూడా వచ్చి చేరారు. మ్యాచ్‌ల ముందు సాయితేజకే ఫోన్. "బాబూ, మన డిఫెండర్‌కి మోకాలు నయమైందా?" ప్రసూన టీ దగ్గర వాదించేది, గెలిస్తే ఎగిరేది, అందరితో కలిసి భోంచేసేది.

మే నెలలో ఓ మధ్యాహ్నం ఉరుములతో వాన పడింది. "ఈసారీ ఆఖరేనా మన లీగ్ పెద్దగారు?" అని, అప్పుడే బయట బండి దిగిన సాయితేజను కిటికీలోంచి చూసి ప్రసూన నవ్వుతుంటే అహరోను ఆపాడు.

"వాడు ఆఖరేంటమ్మా! పాత లీగ్‌లో మొదటివాడు వాడే. ఎన్నేళ్ళకో పైకొచ్చాడు. నిన్ను చేర్చుకోడానికే అది వదిలేశాడు. మమ్మల్నందర్నీ బతిమాలాడు కూడాను."

ప్రసూన వరండాలోకి నడిచింది. సాయితేజ తడిసిపోయి, బండి మీంచి శాంపిల్ సీసాలు దించుతున్నాడు.

"ఎందుకు వదిలేశారండీ?"

అతనికి అర్థమైంది. "ఉంటానో లేదో అన్నారు కదండీ."

"ఆ రోజు రాజీనామా రాసుకున్నానండి. ఈ ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళే లేరనిపించేది. లీగ్ వచ్చాక ఇవ్వబుద్ధి కాలేదు. మీకెలా థాంక్స్ చెప్పాలో..."

"థాంక్స్ వద్దండీ. మీరు ఉండిపోతే చాలు. అంటే... ల్యాబ్‌లో అని కాదు..."

"పూర్తిగా అడగండి."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ప్రసూన తలూపింది. అంతలోనే ముఖం చిన్నబోయింది. "మాది అర్చకుల ఇల్లు. మీరు చేపలు పెంచేవాళ్ళు. నాన్నగారు ఏమంటారో."

"నేనే వచ్చి అడుగుతానండి."

ఆదివారం జంగారెడ్డిగూడెంలో సోమసుందరం అంతా విని, భుజం మీది కండువా తీసి మెల్లగా మడత పెట్టారు.

"మా వాళ్ళు నాలుగు మాటలంటారు" అన్నారు చివరికి. "అననీ. జనవరిలో ఇది రోజూ ఫోన్లో ఏడ్చేది బాబూ. వచ్చెయ్యమ్మా అన్నాను. లీగ్‌లో చేరిన రోజు నవ్వుతూ ఫోన్ చేసింది. నా బిడ్డని నవ్వించినవాళ్ళు ఎవరైనా సరే, కనిపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనుకున్నాను."

నిజంగానే ఆయన చేతులెత్తబోయారు. సాయితేజ కంగారుగా ఆ చేతులు పట్టుకుని, వంగి ఆయన కాళ్ళకు నమస్కరించాడు. గుమ్మంలో ప్రసూన పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"లేవయ్యా" అన్నారు సోమసుందరం. "అమ్మాయ్, విస్తళ్ళు వెయ్యి. అబ్బాయికి ఆకలేస్తుంటుంది."