మూడో మలుపు దగ్గర సైకిల్

శవం మూడో మలుపు కింద, ఇరవై అడుగుల లోతున, రెండు బండల మధ్య ఉంది. సైకిల్ మాత్రం పైనే, దారి అంచున పొదకు చిక్కుకుని ఉంది.

ఇన్‌స్పెక్టర్ అక్కడికి చేరేసరికి 8.40. అడవి గేటు నుంచి రెండు కిలోమీటర్లు పైకి ఎక్కే నడక. మోకాళ్లు మొరాయించాయి. రిటైర్మెంట్‌కు ఏడు నెలలుంది. తాపీగా గడుపుదామనుకుంటే వారంలో ఇది రెండో శవం.

చనిపోయినవాడు బడిలో డ్రాయింగ్ మాస్టారు. ప్రతి ఆదివారం బావమరిదితో కలిసి ఈ అడవి దారిలో సైకిల్ తొక్కుతాడు.

"స్పీడుగా దిగుతూ స్కిడ్ అయ్యాడు సార్. క్లియర్ కేస్," అన్నాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ ఉసూరుమంటూ సైకిల్ పక్కన కూర్చున్నాడు. చాలాసేపు వెనక చక్రం వైపే చూశాడు.

"ఇక్కడ ఒక ఫొటో తియ్యి. చైన్ కనబడాలి."

10.15. గేటు పక్కన చిన్న ఆఫీసు గది. ముగ్గురిని కూర్చోబెట్టాడు.

మొదట గేటు దగ్గరి వాచర్. "మాస్టారూ, ఈ బావమరిదీ 6.05కి లోపలికెళ్లారు సార్. 7.20కి ఈయనొక్కడే పరిగెత్తుకొచ్చాడు. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు."

తర్వాత, రోజూ అక్కడ నడిచే ముసలి లెక్చరర్. పోయిన ఆదివారం మాస్టారితో గొడవపడ్డాడు.

"గొడవెందుకు?"

"సైకిళ్లు మీదికొచ్చేస్తుంటే అరవనా? అరిచాను. అంతమాత్రాన మనిషిని తోసేస్తానా?"

"పొద్దున వాళ్లని చూశారా?"

"కొండ మీద చూశాను. మాస్టారు ముందు దిగాడు. ఈ అబ్బాయి అక్కడే ఫొటోలు తీసుకుంటూ ఆగిపోయాడు. పావుగంట తర్వాత దిగాడు. నేను పైనే ఉండిపోయాను."

చివరికి బావమరిది. మోచేతికి కట్టు. చూపు నేల మీద.

"బావ స్పీడుగా వెళ్లాడు సార్. మలుపులో అదుపు తప్పాడు. నేనొచ్చేసరికి అయిపోయింది."

"మాట్లాడాడా?"

"లేదు."

"మోచేతికేమైంది?"

"కిందికి దిగుతుంటే రాయి గీసుకుంది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లోని ఫొటో వాచర్ ముందు పెట్టాడు. "అద్దె సైకిళ్లు బాగుచేసేది నువ్వేగా? చైన్ ఎక్కడుంది?"

"వెనక పెద్ద పళ్లచక్రం మీద సార్. అన్నిటికన్నా తేలిక గేరు."

"అది వేసుకుని స్పీడుగా దిగుతారా?"

"అబ్బే! కాళ్లు గాలిలో తిరుగుతాయి. అది ఎత్తు ఎక్కడానికి."

"పడినప్పుడు చైన్ దానంతటదే ఎక్కిందేమో?"

"పెద్ద చక్రం మీదికా? కుదరదు సార్. తొక్కుతూ మార్చాల్సిందే."

ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు.

"మీ బావ దిగుతూ పడలేదు బాబూ. ఎక్కుతూ పడ్డాడు. అంత నెమ్మదిగా ఎక్కేవాడు ఇరవై అడుగుల కింద పడ్డాడంటే, పైనుంచి ఏదో వచ్చి గుద్దింది. పైనుంచి వచ్చింది నువ్వొక్కడివే."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ అతని దగ్గరికి లాక్కున్నాడు.

"వెనక్కి ఎందుకొస్తున్నాడో తెలుసా?"

"నాకోసం," అన్నాడు బావమరిది. "నేనెంతకీ రాలేదని. మలుపులో కనబడలేదు సార్. బ్రేక్ వేసేలోపే... అక్కకి ఏం చెప్పాలో తోచలేదు."

"కేసు రాయక తప్పదు. కావాలని చేశావని మాత్రం రాయను."

బయట ఆటో ఆగింది. చెప్పులు లేకుండానే వచ్చింది అక్క.

"మీరే చెప్పండి సార్," అతను గుసగుసలాడాడు. "నావల్ల కాదు."

ముప్పై రెండేళ్లుగా ఇలాంటి చావుకబుర్లు చెప్పి చెప్పి ఇన్‌స్పెక్టర్ నోరు చేదెక్కిపోయింది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను."

అతను చెప్పాడు. తడబడుతూనే అయినా, ఏదీ దాచలేదు. ఆమె గోడకు ఆనుకుని విన్నది. ఏడవలేదు.

"నువ్వు దిగేసరికి ప్రాణం ఉందారా?"

"కాసేపు ఉందక్కా."

"ఏమన్నారు?"

అతను కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"'నీకేం కాలేదు కదరా' అన్నాడు."