వేలు చూపిస్తేనే అన్నం

కాజీపల్లిలో నర్సింహులు ఇంట్లో ఓట్ల రోజు ఒకటే చట్టం. ఓటేసి వచ్చి, వేలి మీద సిరా చూపిస్తేనే కంచంలో అన్నం. దేశమంతటికీ ఇలాంటి చట్టం రావాలని టీకొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. దేశం సంగతేమో గానీ, ఇంట్లో మాత్రం ఎప్పుడో అమల్లో పెట్టేశాడు.

ఆ పొద్దున ఆయన తెల్ల ధోవతి కట్టుకుని వచ్చేసరికి కోడలు సుమిత్ర భర్తకు ఉప్మా తినిపిస్తోంది. శివకుమార్‌కు మణికట్ల నుంచి కిందికి రెండు చేతులూ లేవు. మందుల కంపెనీలో రియాక్టర్ పేలినప్పుడు పోయాయి. అప్పట్నుంచి అతను గడప దాటలేదు.

"ఆగు బిడ్డా. ఓటేసొచ్చినంకనే ముద్ద," అన్నాడు నర్సింహులు, అలవాటు కొద్దీ.

"ఏ వేలు సూపియ్యాలె బాపూ?" అన్నాడు శివకుమార్ మెల్లగా.

నర్సింహులు కొడుకు చేతుల వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. అయినా పంతం మనిషి, తగ్గడం తెలియదు.

"అందరు గిట్ల ఇంట్లనే కూసుంటే మనల్ని ఎవడు లెక్కజేస్తడు? అందరు తప్పనిసరిగ ఏస్తేనే లీడర్లకు భయముంటది."

"ఎవలకుంది మామా భయం?" సుమిత్ర గిన్నె కింద పెట్టింది. "పోయినసారి ఈయన నైట్ డ్యూటీ చేసొచ్చి, కంపెనీల గ్యాసు లీకైతుందంటే మీ లీడరు ఇనలే, గసొంటోనికి నేనెయ్య అన్నడు. మీరు ముందటి కంచం గుంజుకున్నరు. మీరు చెప్పిన గుర్తే నొక్కొచ్చి, వేలు సూపిచ్చి తిన్నడు. చేతులు పోయినంక ఆ లీడరు దవాఖానకన్న వచ్చిండా? గట్ల ఏపిచ్చిన ఓటు ఎవలిది మామా? ఈయనదా, మీదా?"

నర్సింహులుకు ఆనాడు కొడుకు చాపిన వేలు గుర్తొచ్చింది. ఆ సిరా చుక్కను ఎంత గర్వంగా చూసుకున్నాడో! ఆ వేలు ఇప్పుడు లేదు. ఆయన కింద కూర్చుని గిన్నె తీసుకున్నాడు.

"తిను నాయినా," అన్నాడు. "ఇగ ఈ ఇంట్ల ఎవ్వల వేలూ అడగ."

కొడుకు తిన్నాడు. తండ్రి కళ్లనీళ్లు గిన్నెలోనే పడ్డాయి.

తర్వాత నర్సింహులు గొడుగు పట్టుకుని ఒక్కడే బయల్దేరాడు.

"ఆగు బాపూ, నేనొస్త."

"వద్దు బిడ్డా. నేను రమ్మనలే."

"నువ్వు రమ్మంటే రాకపోతుంటి. పోయినసారి ఏసింది నాది కాదు. ఇది నాది."

ఓట్లు వేసే బడిలో అధికారి సిరా పుల్ల పట్టుకుని ఒక్క క్షణం ఎటూ తోచక ఆగాడు. తర్వాత శివకుమార్ ఎడమ చేతి మొండి చివర గీత పెట్టాడు. మీట నొక్కడానికి తోడు ఎవరని అడిగితే శివకుమార్ తండ్రిని చూపించాడు.

యంత్రం ముందు నర్సింహులు చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరినీ అడగని మాట మొదటిసారి అడిగాడు.

"ఏది నొక్కాలె నాయినా?"

కొడుకు చెవిలో చెప్పాడు. అది నర్సింహులు జన్మలో నొక్కని గుర్తు. ఎదురు చెప్పకుండా నొక్కాడు.

తిరిగి వస్తుంటే టీకొట్టు దగ్గర ఎవరో కేకేశారు.

"ఏం నర్సింహులూ, కొడుకుతోని ఎవలకు ఏపిచ్చినవ్?"

"నేనేపియ్యలే," అన్నాడాయన, కొడుకు భుజం గట్టిగా పట్టుకుని. "నా కొడుకేసిండు."