అంకెలు నొక్కితే అక్షరాలు

"నాకు పెళ్ళి చేసిన పెద్దమనిషి ఎవరు?"

బెర్జూపియై హైస్కూలు కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడి ఒక అమ్మాయి గట్టిగా అడిగింది. టేబుల్ కింద దూరి కేబుల్స్ సర్దుతున్న విల్మాంటస్ ఉలిక్కిపడి లేవబోయాడు. తల టేబుల్‌కి ఠంగుమని కొట్టుకుంది.

"నేను కాదండీ! నేను మొన్ననే కౌనస్ నుంచి వచ్చాను."

"అయితే మీరే. ఈ స్టాఫ్ లిస్టు తయారుచేసింది మీరేగా? జివిలే నోర్కియెనే అట! నా పేరు నోర్కుతే."

విల్మాంటస్ నాలుక కరుచుకున్నాడు. నోర్కియెనే అంటే నోర్కుస్‌గారి భార్య. నోర్కుతే అంటే ఆయన కూతురు. లిథువేనియాలో ఆడవాళ్ళకి పెళ్ళయిందో లేదో ఇంటిపేరు చివరే చెప్పేస్తుంది.

"నోర్కియెనే అంటే మా అమ్మ. ఇదే స్కూల్లో లెక్కల టీచర్. మీ పుణ్యమా అని మా నాన్నకి ఇప్పుడు ఇద్దరు భార్యలు!"

"సారీ అండీ, ఇప్పుడే మార్చేస్తాను. కానీ రికార్డు మార్చేముందు కనుక్కోవాలి కదా. పెళ్ళి కాలేదన్నది ఖాయమేనా?"

"ఖాయమే. కాకపోతే, ఇలా తప్పులు చేసేవాళ్ళ అప్లికేషన్లు తీసుకోవడం లేదు."

విసురుగా వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పెదవి చివర ఆమె దాచుకున్న నవ్వు అతని కంటపడింది. తలనొప్పి సగం తగ్గిపోయింది.

ఆ ఏడాది పన్నెండో తరగతి పిల్లలు మొదటిసారిగా చరిత్ర పరీక్ష కంప్యూటర్ మీద రాయబోతున్నారు. మూడు వారాల్లో యంత్రాలన్నీ సిద్ధం చెయ్యడం విల్మాంటస్ పని. మనుషుల్ని సిద్ధం చెయ్యడం కెమిస్ట్రీ టీచర్ జివిలే పని. రెండింట్లో ఏది కష్టమో అతనికి మొదటి వారంలోనే అర్థమైంది.

పిల్లలు బెదిరిపోయి ఉన్నారు. టీచర్లు అంతకంటే బెదిరిపోయి ఉన్నారు. జివిలే ఏం చేసిందంటే, టీచర్లని పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టి పరీక్ష రాయించింది. కాపలాకి పిల్లల్ని పెట్టింది.

"డైరెక్టర్‌గారూ, ఫోన్ బయట పెట్టి రండి," అని పదిహేడేళ్ళ పిల్ల ఒకతె చాలా సీరియస్‌గా అంటే, స్కూలుకే పెద్ద అయిన డైరెక్టర్‌గారు మారుమాట్లాడకుండా పెట్టి వచ్చారు. సంగీతం టీచర్ పక్క స్క్రీన్‌లోకి తొంగిచూసి రెండుసార్లు చీవాట్లు తింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో వాళ్ళ భయం ఎటు పోయిందో పోయింది.

"మీకీ ఐడియా ఎలా వచ్చింది?" క్యాంటీన్లో గులాబీరంగు బీట్‌రూట్ సూప్ ముందు కూర్చుని అడిగాడు విల్మాంటస్.

"వాళ్ళకి మా మీద నమ్మకం రావాలంటే, మేం కూడా తడబడతామని తెలియాలిగా. సూప్ తాగండి, వేడెక్కిపోతుంది."

"ఇది చల్లటి సూపే కదండీ!"

"అందుకే చెప్తున్నా."

అతను ఈ పనిమీద ఇప్పటికి పదకొండు స్కూళ్ళు తిరిగాడు. అన్నిచోట్లా మాన్యువల్ పంచిపెట్టి చేతులు దులుపుకున్నవాళ్ళనే చూశాడు. ఇలా ఒక్కొక్కరి పక్కన కూర్చుని, విసుక్కోకుండా, నవ్విస్తూ నేర్పే మనిషిని చూడడం ఇదే మొదలు. ఆ అమ్మాయి మీద గౌరవం ముందొచ్చింది. ప్రేమ దాని వెనకే వచ్చి, ముందుకొచ్చి కూర్చుంది.

రిహార్సల్ రోజున పొద్దుట్నుంచీ వాన. పరీక్షకి రెండు గదులు. ఒక్కో గదిలో ట్రైనింగ్ పొందిన టీచర్ ఒకరు ఎనిమిదంకెల కోడ్ కొడితేనే పరీక్ష తెరుచుకుంటుంది. డ్రాయింగ్ టీచర్ గదిలో తెరుచుకుంది. రెండో గది జివిలే వాళ్ళమ్మ ఆల్దొనాది. అక్కడ తెరుచుకోలేదు. మూడోసారీ తప్పనేసరికి స్క్రీన్ లాక్ అయిపోయింది. ఇరవైమంది పిల్లలు గంటసేపు వాన చూస్తూ కూర్చున్నారు.

"అమ్మా, కాగితం చూసే కొట్టావా?"

"చూసే కొట్టాను."

"ఇంకోసారి సరిగ్గా చూడాల్సింది."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పానే! నాలుగుకీ ఏడుకీ తేడా తెలియదా నాకు?" అంది ఆల్దొనా. "ఇంక నావల్ల కాదు. తప్పుకుంటానని డైరెక్టర్‌గారికి ఇప్పుడే రాసిస్తాను."

ఆమె తప్పుకుంటే కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇప్పించే టైమ్ లేదు. అసలు పరీక్ష రోజున ఆ ఇరవైమందీ తెల్లవారకముందే లేచి, యాభై కిలోమీటర్లు బస్సులో పోయి, ముక్కూమొహం తెలియని స్కూల్లో రాయాలి. జివిలే ఏదో అనబోయి, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

ఆల్దొనా ఆ కాగితం రాసి డైరెక్టర్‌కి ఇచ్చి వచ్చాక, విల్మాంటస్ ఆమె పక్కన కూర్చున్నాడు. "టీచర్‌గారూ, ఇదిగో ఖాళీ పేజీ. కోడ్ ఇందులో కొట్టండి."

ఆమె కోడ్ ఉన్న కాగితం చూసి, ఒక్కో అంకే నెమ్మదిగా, తప్పు లేకుండా నొక్కింది. పేజీ మీద ఒక్క అంకె కూడా పడలేదు. తోకలూ చుక్కలూ ఉన్న లిథువేనియన్ అక్షరాలు వరసగా పడ్డాయి. పరీక్ష స్క్రీన్‌లో కోడ్ బదులు నల్లచుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఇందాక ఎవరికీ తెలియలేదు.

"చూశావా అబ్బాయ్, నేనే ఏదో నొక్కి పాడుచేశాను," అంది ఆల్దొనా నీరసంగా.

విల్మాంటస్‌కి అప్పుడు అర్థమైంది. పాడుచేసింది ఆమె కాదు. పిల్లలు జవాబుల్లో తోకలూ చుక్కలూ వదిలెయ్యకుండా రాయాలని, నిన్న అన్ని యంత్రాల్నీ లిథువేనియన్ కీబోర్డుకి మార్చింది తనే. అందులో పైవరస అంకెలు నొక్కితే అక్షరాలు పడతాయి. పక్కగదిలో పెద్ద కంప్యూటర్లు, వాటికి కుడివైపు అంకెల మీటలు విడిగా ఉన్నాయి. ఈ గదిలోవి చిన్న లాప్‌టాప్‌లు. ఆ సంగతి తనకి తట్టనే లేదు.

గుట్టుచప్పుడు కాకుండా సెట్టింగ్ మార్చేసి, "మళ్ళీ కొట్టండి" అంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. జివిలే దృష్టిలో పనిమంతుడిగానే ఉండిపోవచ్చు. కానీ ఈ పెద్దావిడ రేపట్నుంచీ తన చేతిని తనే నమ్మదు.

లేచి తిన్నగా స్టాఫ్‌రూమ్‌కి నడిచాడు. అందరూ ఉన్నారు. జివిలే కూడా ఉంది.

"ఆల్దొనా టీచర్ కొట్టిన ప్రతి అంకే కరెక్టు. తప్పు నాది. కీబోర్డు మార్చి, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే సరిచేస్తాను, నా రిపోర్టులో కూడా ఇలాగే రాస్తాను."

వెనకే వచ్చిన ఆల్దొనా, తప్పుకుంటానని రాసిన కాగితం డైరెక్టర్ చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. జివిలే వెళ్ళి అమ్మ భుజం మీద తల ఆనించింది. విల్మాంటస్ వైపు మాత్రం చూడలేదు. అంతే, అయిపోయింది అనుకున్నాడతను.

మిగిలిన నాలుగు రోజులూ ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు.

పరీక్ష రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఆల్దొనా కోడ్ కొట్టింది. తెరుచుకుంది. తలుపు మూశారు. లోపల ఇరవై కీబోర్డులు ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. వరండాలో విల్మాంటస్, జివిలే మాత్రమే మిగిలారు.

"వింటున్నారా? ఎంత బాగుందో!" గుసగుసగా అంది జివిలే. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇదంతా మీరు చేసిందే. నేను తీగలు కలిపాను, మీరు మనుషుల్ని కలిపారు. సాయంత్రం నాలుగింటికి నా బస్సు. వెళ్ళేలోపు ఒకటి చెప్పాలి. మీరంటే నాకు చాలా ఇష్టం. కోపం ఉంటే అది కూడా చెప్పెయ్యండి."

"కోపమా? ఆ రోజు అమ్మని అనుమానించింది నేను. నిలబెట్టింది మీరు. సిగ్గేసి మీ మొహం చూడలేకపోయాను." ఆమె ఇప్పుడు తలెత్తి అతనివైపు చూసింది. "అయినా ఇంత ఇష్టం పెట్టుకుని, ఇంకా ఈ 'మీరు' ఏమిటి?"

"నువ్వంటే నాకు చాలా ఇష్టం, జివిలే!"

ఆనందంలో గొంతు పెరిగిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆల్దొనా నోటిమీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఇరవై కీబోర్డులూ ఆగిపోయాయి.

"నెమ్మది! పిల్లలు రాస్తున్నారు," అని కూతురివైపు తిరిగింది. "నువ్వూ తొందరగా జవాబు చెప్పు. వాళ్ళ టైమ్ పోతోంది."

"నాకూ ఇష్టమేనమ్మా," అంది జివిలే చెవులదాకా ఎర్రబడి.

లోపల కిసుక్కుమన్న నవ్వులు. ఆల్దొనా ఒక్క చూపు చూసేసరికి కీబోర్డులు మళ్ళీ మోగాయి. తలుపు మూయబోతూ ఆగి, విల్మాంటస్‌ని పైనుంచి కిందికి చూసింది.

"బస్సు టికెట్ మార్చుకో అబ్బాయ్. ఆదివారం మా ఇంట్లో సెపెలినై కుడుములు చేస్తున్నాం. మూడు కిలోల ఆలుగడ్డలు తురమాలి, మా ఆయనకి భుజం నొప్పి."