శుక్రవారం మొరాయించే మెషిన్

శుక్రవారం పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్‌లోని తన ఆఫీసులో డిటెక్టివ్ శేషారత్నం కాఫీ చల్లార్చుకుంటుండగా, కోదండం చెమటలు కక్కుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఎల్బీనగర్‌లో ఆయనకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది.

"మేడం, మా తాతల నాటి నాలుగు వేల డిజైన్లు స్కాన్ చేయించి కంప్యూటర్ మెషిన్ల పెట్టిన. ఎవరో ఎత్కపోతున్నరు. శుక్రవారం పొద్దున ఏ బొమ్మ తెరిచినా మస్తు లేటయితది. మధ్యాహ్నానికి మళ్ల మామూలే. పొద్దున కాపీ చేస్తున్నరు గదా, అందుకే స్లో!"

"అనుమానం ఎవరి మీదండీ?"

"ఆపరేటర్ వాసంతి. మెషిన్ ముట్టేది ఆమె ఒక్కతే. ఇయ్యాల పది గంటలకు అందరి ముందర ఆమె దగ్గరుండే మెషిన్ రూం తాళాలు గుంజుకున్న. సోమవారం నుంచి రావొద్దన్న."

"మీరు ముట్టరా?"

"నాకు కంప్యూటరంటేనే భయం మేడం."

పసుపంటిన వేళ్లతో ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. శేషారత్నం కళ్లు మెరిశాయి. ఆ మెరుపు కోసమే అసిస్టెంట్ ఉపేంద్ర తక్కువ జీతానికి ఆవిడ దగ్గర పడి ఉంటున్నాడు.

పన్నెండింటికి ముగ్గురూ దుకాణం చేరారు. బయట స్టూలు మీద వాసంతి ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో కూర్చుని ఉంది. లోపల గదిలో డిజైన్లు దాచిన మెషిన్, ఎనిమిది డిస్కుల పెట్టె, తళతళలాడుతోంది. దాని నుదుట కుంకుమ బొట్టు, పైన తాజా మల్లెపూలు.

ఉపేంద్ర ఒక డిజైన్ తెరిచాడు. ఇరవై లెక్కపెట్టాక వచ్చింది. మూసి మళ్లీ తెరిస్తే చిటికెలో వచ్చేసింది.

"ఇంకోటి తెరువు," అంది శేషారత్నం. మళ్లీ ఇరవై.

"మెషిన్ ఆన్ అయి ఎంతసేపయింది?"

"నాలుగు గంటలని చూపిస్తోంది మేడమ్."

"వాసంతీ, నువ్వు ఎన్నింటికి వస్తావు?" గుమ్మంలోంచి బయటికి తొంగిచూసి అడిగింది శేషారత్నం.

"తొమ్మిదింటికి మేడం. దుకాణం ఎనిమిదింటికి సేట్ తెరుస్తడు."

శేషారత్నం దుకాణంలో అందరినీ కౌంటర్ దగ్గరికి పిలిచింది.

"కోదండం గారూ, పదింటి నుంచీ తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. కాపీ చేసేవాళ్లే లేరు. అయినా స్లోగానే ఉందేం? మీ గోడౌన్‌లో వేల చీరలుంటాయి. జనం మాటిమాటికీ అడిగేవి మాత్రం ఈ కౌంటర్ మీద పరిచి ఉంచుతారు కదా? మెషిన్‌లోనూ అంతే. పెద్ద డిస్కులు గోడౌన్. ముందున్న చిన్న ఎస్‌ఎస్‌డీ, అంటే చకచకా అందించే చిన్న డిస్కు, కౌంటర్. ఒకసారి తెరిచిన బొమ్మ దాని మీదే ఉంటుంది, అందుకే రెండోసారి చిటికెలో వస్తుంది. మీ మెషిన్‌కున్న సెట్టింగ్‌లో, కరెంటు తీస్తే కౌంటర్ ఖాళీ. మళ్లీ ప్రతిదీ గోడౌన్ నుంచి తేవాల్సిందే. మధ్యాహ్నానికి కౌంటర్ నిండుతుంది."

"మరి కరెంటు తీసిందెవరు?" కోదండం గద్దించాడు.

"శుక్రవారం ఎనిమిదింటికి తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టిందెవరు? షాక్ కొడుతుందని ముందు స్విచ్ తీసిందెవరు?"

కోదండం తన వేళ్ల వంక చూసుకున్నాడు. "పూజ చేసిన గని... ముట్టలే మేడం," అన్నాడు నీళ్లు నములుతూ. పాపం, ఆయన అబద్ధమాడలేదు. పూజ చేయడం ఆయన లెక్కలో ముట్టుకోవడం కాదు.

సేల్స్‌మెన్ నవ్వాపుకోలేకపోయారు. కోదండం జేబులోంచి తాళాలు తీసి గబుక్కున కౌంటర్ మీద పెట్టాడు. వాసంతి కదల్లేదు.

"గుంజుకున్నప్పుడు నా చేతిలకెళ్లి గుంజుకున్నరు సేట్. చేతికే ఇయ్యండి."

కోదండం తల దించుకుని, తాళాలు తీసి రెండు చేతులతో ఆమె చేతిలో పెట్టాడు.